నాలుగు నిమిషాల ఫైలు, గంటన్నర చల్లదనం

ఏసీ అనే యంత్రాన్ని మనుషుల కోసం కూడా పెట్టుకుంటారని మా గోదావరిఖనిలో చాలామందికి నమ్మకం కుదరని కాలం అది. బ్యాంకులో కంప్యూటర్ల కోసం పెట్టేవారు, దవాఖానలో ఆపరేషన్ గది కోసం పెట్టేవారు. మిగిలిన జనాభా అంతా రేకు కూలర్ల ముందు తడి బనీన్లతో కూర్చుని, నీళ్లయిపోయిన ప్రతిసారీ బకెట్ ఎవరు తేవాలన్న విషయంపై కుటుంబ కలహాలు సాగించేది. పైన సూర్యుడు, కింద బొగ్గు, పక్కన రామగుండం కరెంటు ప్లాంటు. ఈ మూడింటి మధ్య మే నెల మధ్యాహ్నం మనిషి నడుస్తున్నాడంటే అతను డ్యూటీకైనా పోతుండాలి, డ్యూటీ నుంచైనా వస్తుండాలి. ఈ వాతావరణ వివరమంతా ముందుగా విన్నవించడానికి కారణం ఉంది. నేను చెప్పబోయేది ఒక నేరం గురించి. నేరానికి ఉద్దేశం ఏమిటన్నది మొదటే తేలిపోతే, పాఠకులు కొంచెం దయతో వింటారని ఆశ.

అప్పుడు నాకు ఇరవై ఒకటో ఏడు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేసి, గనులకు విడిభాగాలు సరఫరా చేసే ఒక దుకాణంలో ఆపరేటర్‌గా చేరాను. బోల్టులు, నట్లు, పంపు వాషర్లు, బెల్టు అతికించే క్లిప్పులు, మొత్తం నాలుగు వందల పన్నెండు రకాల సరుకు. యజమాని గనిలో ఓవర్‌మ్యాన్‌గా, అంటే ఒక షిఫ్టులో దిగినవాళ్లందరి బాగోగులకు జవాబుదారీగా, ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన పెద్దమనిషి. అందరూ ఆయనను ‘ఓవర్‌మెన్ సారు’ అనే పిలిచేవారు. వెనక గోదాములో సరుకు చూసుకునే ఆయన యాభై ఐదేళ్ల స్టోర్ కాక. చర్చిలో సంఘ పెద్ద, మిల్లీమీటరు తేడా ఉన్న బోల్టును కళ్లు మూసుకుని వేలితో పట్టేయగల మనిషి. ముందు గదిలో నేను, లెక్కల సాఫ్ట్‌వేర్, ఎక్సెల్ ఉన్న ఒక కంప్యూటర్, వేడిగాలిని మాత్రమే సమానంగా పంచే ఒక సీలింగ్ ఫ్యాన్. నా పేరు ఎవరికీ అవసరపడలేదు. ‘కంప్యూటరూ’ అంటే నేను, ‘డబ్బా’ అంటే అది.

సారుకు మోకాళ్ల నొప్పి. దుకాణానికి రావడం తగ్గించి, ఇంట్లోనే ఒక కొత్త కంప్యూటర్ కొనుక్కున్నారు. దానికి దుమ్ము పడకూడదని గాజు తలుపుల గది, ఆ గదికి ఏసీ. (కంప్యూటర్ ఖరీదు కన్నా గది ఖరీదు ఎక్కువైందని కాక లెక్క.) ప్రతి శనివారం సరుకు నిల్వల పట్టిక ఫ్లాపీలో ఆయన ఇంటికి చేరాలి, సోమవారం గనుల నుంచి ఆర్డర్లు వచ్చేలోపు ఆయన దాన్ని చదివి ఉండాలి. కాగితం మీద ప్రింటు తీసి ఇస్తానంటే చిన్నబుచ్చుకున్నారు. “కాగితం చూసుడు బాయిలనే బందయింది. ఫైలు పంపు” అన్నారు. (బాయి అంటే మా దగ్గర బొగ్గు గని.)

లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏ రిపోర్టునైనా బయటికి పంపబోతే అది ఒక ప్రశ్న అడుగుతుంది: ఏ రూపంలో కావాలి? కింద ఒక జాబితా పడుతుంది. కామాలతో విడగొట్టిన మామూలు అక్షరాలు ఒకటి, ఎక్సెల్ రెండు, ఇంటర్నెట్ పేజీలా తెరుచుకునేది మూడు, ప్రతి గడికీ ఇన్ని అక్షరాలని కొలత కట్టి, మాట పొట్టిదైతే మిగతా జాగాను ఖాళీలతో నింపేది నాలుగు. సారు ఇంట్లోనూ ఎక్సెల్ ఉంది. కనుక బుద్ధి ఉన్నవాడు ఎవడైనా రెండోది నొక్కుతాడు. మొదటి శనివారం నేను బుద్ధిగానే నొక్కాను. సారు ఫోన్ చేసి, “తెరుచుకున్నది బిడ్డా, మంచిగున్నది” అని పెట్టేశారు. రెండో శనివారం పని తొందరగా అయిపోవడంతో, చదువుకున్నవాడికి సహజమైన కుతూహలంతో, ఆ నాలుగోది ఎలా ఉంటుందో చూద్దామని నొక్కాను. చూశాను, మూసేశాను. ఫ్లాపీలోకి మాత్రం పొరపాటున అదే వెళ్లింది.

పన్నెండున్నరకు ఫోన్. “ఏందిరా ఇది? దేనితోని తెరుస్తవని నన్నే అడుగుతున్నది. ఏదో ఒకటి ఒత్తిన. తెర నిండ చీమలు పాకినట్టు అక్షరాలు! జల్ది రా.” సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. గాజు తలుపు తెరిచాను. ఆ క్షణాన్ని వర్ణించే శక్తి నా డిప్లొమాకు లేదు. బయట నలభై ఆరు డిగ్రీలు, లోపల ఇరవై రెండు. తేడా ఇరవై నాలుగు. ఈ అంకెలు మాత్రమే చెప్పి ఊరుకుంటాను. ఆ ఫైలును ఎక్సెల్‌లోకి తెచ్చి, ఎనిమిది, ముప్పై, నాలుగు, పది, పన్నెండు అక్షరాల దగ్గర గీతలు పెట్టి, గడులుగా విడగొట్టడానికి నాకు పట్టింది నాలుగు నిమిషాలు. ఈలోగా సారు ఇంట్లోనుంచి మామిడిపండు ముక్కలు, చల్లటి నీళ్లు వచ్చాయి. “ఇంక ఎంతసేపు పడతది?” అని సారు ఎంతో సానుభూతితో అడిగారు. పని అప్పటికే అయిపోయింది. నేను తెరకేసి చూశాను, మామిడి ముక్కలకేసి చూశాను, కిటికీలోంచి రోడ్డు మీద కరుగుతున్న తారుకేసి చూశాను.

“గంటన్నర పట్టొచ్చు సార్” అన్నాను.

ఆ శనివారంతో కలిపి వరుసగా ఐదు శనివారాలు నాలుగో రూపమే. ‘మొదటి వారం సీదా తెరుచుకున్నది గదా’ అని సారు ఒకసారి గుర్తుచేసుకున్నారు. “అప్పుడు సరుకు తక్కువుండె సార్. ఇప్పుడు ఎక్కువైంది. ఎక్సెల్‌ల సీదా పట్టదు” అని బదులిచ్చాను. ఆనాటి ఎక్సెల్‌లో పట్టే వరుసలు అరవై ఐదు వేల ఐదు వందల ముప్పై ఆరు. మా సరుకు నాలుగు వందల పన్నెండు. ఈ రెండు అంకెలూ నాకు కచ్చితంగా తెలిసి ఆ మాట అన్నానన్నది నా నేరపత్రంలో రెండో అంశం. నాలుగు నిమిషాలు పని, ఎనభై ఆరు నిమిషాలు నటన. ఒక గడిని వెడల్పు చేసి మళ్లీ ఇరుకు చేయడం, నుదురు ముడిచి తెరకు ముఖం ఆనించడం, మధ్యమధ్య ‘ఊహూ’ అనడం. గడుల కొలతలు రాసిన చీటీ చొక్కా జేబులో పెట్టుకుని, తీసినప్పుడల్లా సారు వైపు కొంచెం తిరిగి తీసేవాణ్ని. ఈ ఊళ్లో ఆ ఫైలును తెరవగల మనిషి నేనొక్కణ్నే అన్న ఖ్యాతి స్థిరపడింది. గొప్ప పథకం అనుకున్నాను. అందులో ఒకే ఒక రంధ్రం ఉంది. అందులో నేనే పడ్డాను.

ఆరో వారం మంగళవారం నాడు హాల్‌టికెట్ వచ్చింది. బొగ్గు కంపెనీలో గుమాస్తా ఉద్యోగాలకు ఎన్నో ఏళ్ల తర్వాత పరీక్ష పెట్టారు. మా నాన్న, అంటే బాపు, రిటైర్‌మెంట్‌కు రెండేళ్లే ఉంది. ఆయన దిగిపోతే కంపెనీ క్వార్టరూ పోతుంది. ఇంట్లో అందరి ఆశా ఆ పరీక్ష మీదే ఉంది. పరీక్ష ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో. అంటే శనివారం మధ్యాహ్నమే రామగుండం స్టేషన్‌లో రైలెక్కాలి. సారు దగ్గరికి వెళ్లి శనివారం సెలవు అడిగాను.

“పరీక్షంటే పోవాల్సిందే” అన్నారు సారు. నా ప్రాణం లేచి వచ్చింది. “రిలీవర్ ఎవడు?”

“రిలీవర్ ఏంది సార్? ఇదేమన్న బాయా?”

“బాయి గాకుంటే? డ్యూటీ అంటే డ్యూటే. ఆదివారం పొద్దుగాల బాయి ఇంజనీరు సారు మన ఇంటికొస్తుండు, ఏమేం సరుకు రెడీగుందో చూస్తనన్నడు. కంప్యూటర్‌ల చూపిస్తనని నేను మాటిచ్చిన. శనివారం ఆ ఫైలు తెరిచి ఉండాలె. ముప్పై ఏండ్లల ఒక్కనాడు సుత రిలీవర్ రాకుండ నేను పైకెక్కలే. నీ జాగల ఎవడు నిలబడుతడో చూపిచ్చి, మంచిగ పో.”

ఎవరిని చూపించను? ఈ ఊళ్లో ఎవరికీ రాదని ఐదు వారాలుగా నిరూపిస్తున్నది నేనే కదా.

ఇంట్లో న్యాయం దొరుకుతుందనుకున్నాను. బాపు మనుషులను గనిలోకి దించి పైకి తెచ్చే ఇంజన్ ఆపరేటర్. మొదటి షిఫ్టు దిగి, సాయంత్రం నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటున్నప్పుడు నా గోడు వెళ్లబోసుకున్నాను. సారు ఎంత నిర్దయుడో కొంచెం ఉప్పూకారం చేర్చే చెప్పాను.

“ఆయన అన్నదాంట్ల తప్పేమున్నది?” అన్నారు బాపు. “రిలీవర్ లేకుండ ఎట్ల దిగుతవ్? ఒకసారి నా రిలీవర్‌కు జరమొచ్చి రాలే. రెండు షిఫ్టులు హ్యాండిల్ ఇడవలే నేను. బాయి కింద మనుషులుండె. సరే గని, నీ ఫైలు కింద ఎవరున్నరురా? ఇంకొకనికి చేతగానంత పని ఏముంది అండ్ల?”

అబద్ధం చెప్పదగిన మనిషి కాదు ఆయన. నాలుగు రూపాలూ వివరించాను. రెండోది, నాలుగోది, కొలతలు, చీటీ. బాపు ఒక కాలు కడగడం ఆపి, యంత్రం మీద పనిచేసే మనిషి లాగే విన్నారు.

“అంటే సీదా తోవ ఉన్నది. నువ్వు దానికి తలుపు పెట్టి, తాళంచెవి జేబుల ఏసుకున్నవ్. గంతేనా?”

“గంతే బాపు.”

“ఎందుకు?”

“ఏసీ.”

బాపు నవ్వలేదు, తిట్టలేదు. రెండో కాలు కూడా శుభ్రంగా కడుక్కుని, “నీ రిలీవర్ని నువ్వే తయారు చేస్కో” అని లోపలికి వెళ్లిపోయారు. (కాసేపటికి వంటింట్లోంచి ఆయన గొంతు, దాని వెనకే అమ్మ పగలబడి నవ్వడం వినిపించాయి. మా చెల్లెలు నెల రోజుల పాటు నన్ను ‘ఏసీ సారూ’ అని పిలిచింది.)

ఇక్కడ న్యాయమైన దారి ఒకటే ఉంది. శనివారం రెండోది నొక్కి, ఫ్లాపీ పంపేసి, రైలెక్కడం. కానీ సారు రెండుసార్లు నొక్కగానే ఆ ఫైలు తెరుచుకుంటే, ఐదు శనివారాలకు సంజాయిషీ ఏమని చెప్పను? ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఆ పెద్దమనిషి ‘మామిడిపండ్లు తిన్నవ్ గదరా’ అని ఒక్క మాట అంటారన్న భయమే ఎక్కువ. కాబట్టి దొంగలందరూ చేసే పనే నేనూ చేశాను. దొంగతనాన్ని మానకుండా, దాన్ని ఇంకొకరికి నేర్పబోయాను. స్టోర్ కాకను పట్టుకున్నాను.

బుధవారం, గురువారం, శుక్రవారం. మూడు మధ్యాహ్నాలు కాకకు శిక్షణ. ఆయన నా కుర్చీలో కూర్చుని, జేబులోంచి స్టీలు స్కేలు తీసి మొదట తెర పొడవు, వెడల్పు కొలుచుకున్నారు. బోల్టుల అట్టపెట్టె చింపి, దాని మీద ఎనిమిది, ముప్పై, నాలుగు, పది, పన్నెండు అని అందమైన అంకెలు వేసుకున్నారు. ప్రతి గీత దగ్గరా ఊపిరి బిగబట్టి, కంసాలి లాగా మౌస్‌ను జరిపేవారు. నాలుగు నిమిషాల పని ఆయన చేతిలో నిజాయితీగా గంటకు పైనే పట్టింది. నాకు పరమానందమైంది. ఇంతకన్నా మంచి రిలీవర్ ఎక్కడ దొరుకుతాడు? అంతా సవ్యంగా సాగుతుండగా, శుక్రవారం నాడు ఆయన వేలు ఆ జాబితా దగ్గర ఆగింది.

“అరేయ్ కంప్యూటరూ, నాలుగోదాని మీదనే ఒత్తుమంటివి. ఈ రెండోదేంది?”

“అది వద్దు కాకా.”

“వద్దంటే? కాలుతదా?”

“కాదు కాకా, మన సరుకు అండ్ల పట్టదు.”

“నాలుగు వందల రకాలు పట్టనిదానికి పేరెందుకు పెట్టిండ్రు?” అన్నారు కాక. నా ముఖంలోకి ఒకసారి చూశారు. బోల్టును వేలితో తడిమినప్పుడు చూసే చూపు అది. అట్టముక్కను మడిచి జేబులో పెట్టుకుని, “ఫికర్ చెయ్యకు. నువ్వు పోయి మంచిగ రాయి” అన్నారు. ‘రిలీవర్ దొరికిండు సార్’ అని ఫోన్‌లో చెప్పాను. ‘శాబాష్’ అన్నారు సారు.

శనివారం రైలెక్కాను. పెద్దపల్లి దాటేవరకు పరీక్ష పుస్తకం చదివాను. ఆ తర్వాత కళ్ల ముందు పుస్తకం లేదు. గాజు గది, అందులో కాక, ఆయన వేలు రెండోదాని మీద. ఆదివారం పరీక్ష హాల్లో గణితం బాగానే చేశాను. జనరల్ నాలెడ్జ్ దగ్గర మాత్రం, ఈ వేళకు ఇంజనీరు సారు తెర ముందు కూర్చుని ఉంటాడు, ఓవర్‌మెన్ సారుకు అంతా తెలిసిపోయి ఉంటుంది అన్న నాలెడ్జ్ ఒక్కటే మిగిలింది.

సోమవారం దుకాణం తెరుస్తుండగానే ఫోన్ మోగింది. “లిస్టు బ్రహ్మాండంగున్నది. ఇంజనీరు సారు మస్తు ఖుష్ అయిండు” అన్నారు సారు. “మీ కాక పాపం పెద్దమనిషి, గంటా నలభై నిమిషాలు కుర్చీల నుంచి లేవలే. గంత కష్టమైన పనా ఇది? నువ్వొక్కనివే ఇన్ని రోజులు చేసినవ్, మెచ్చుకోవాలె.” ఫోన్ పెట్టేసి గోదాములోకి పరుగెత్తాను. కాక వాషర్లు లెక్కపెడుతున్నారు.

“కాకా, గీతలు సరిగ్గ పడ్డయా?”

“ఏ గీతలు?”

“ఎనిమిది, ముప్పై, నాలుగు...”

“అవెందుకురా? రెండోదాని మీద ఒత్తిన. ఫ్లాపీ తీస్కపోయి పెట్టిన. తెరుచుకున్నది. సారు ముఖం కడుక్కొని వచ్చేవరకు అయిపోయింది.”

“మరి గంటా నలభై నిమిషాలు?”

కాక అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “బయట ఎండ చూసినవా?” అన్నారు.

“సారుకు ఏమని చెప్పినవ్?” అని అడిగాను.

“ఏం చెప్పలే. నేను సంఘ పెద్దను, అబద్ధమాడుడు నాకు చేతగాదు. ‘ఇంక ఎంతసేపు’ అని ఆయన అడిగిండు. ‘తొందరపడొద్దు సార్, మెల్లగ కానియ్యాలె’ అన్న. నిజమే గదా. మామిడిపండును తొందరపడి తింటరా ఎవరన్న?”

వచ్చే శనివారం నుంచి మళ్లీ నేనే వెళ్తానని సారుకు ఫోన్ చేశాను. ఆయన చాలా ప్రేమగా వద్దన్నారు. “నీకు పరీక్షలున్నయి, చదువుకో బిడ్డా. రిలీవర్ తయారైనంక నీకెందుకు తిప్పలు? కాక చేస్తడు.” న్యాయం కోసం నోరు విప్పాలంటే ముందు నేరం ఒప్పుకోవాలి. అందుచేత నోరు విప్పలేదు. శనివారాలు పన్నెండు గంటలకు కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫ్లాపీతో బయల్దేరేవారు. ఆయన లేనప్పుడు గోదాము ఎవరో ఒకరు చూడాలి కనుక, ఆ రేకుల కప్పు కింద బోల్టులు లెక్కపెడుతూ నేను ఉండేవాణ్ని. రెండు గంటలకు ఆయన మట్టికుండ లాగా చల్లగా తిరిగి వచ్చి, నా చెమటను చూసి, “నీళ్లు తాగురా, ఎండలు మస్తున్నయి” అని సలహా ఇచ్చేవారు.

మూడో శనివారం అయ్యాక ఆయనే నా కుర్చీ పక్కన కూర్చున్నారు. ముఖం ఏదో బాధగా ఉంది. “అరేయ్, పని లేకుండ కూసునుడు నాతోని అయితలేదు. ఆదివారం చర్చిల పాట పాడుతుంటే మామిడిపండ్లు యాదికొస్తున్నయి. ఆ నాలుగోది, కొలతలది, మల్ల ఒకసారి చెప్పు.” చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన నాలుగోదాని మీదే ఒత్తి, ప్రతి గీతనూ స్కేలు పెట్టి కొలిచి, గంటన్నర నిజంగా కష్టపడి ఆ పట్టికను తయారుచేశారు. సులువైన దారి తెలిసి కూడా, చల్లదనానికి తగిన చెమట లోపలే కార్చాలని, కష్టమైన ఫైలును ఎంచుకున్న మనిషిని నా సర్వీసు మొత్తంలో ఇంకొకరిని చూడలేదు.

ఆ పరీక్షలో నా నెంబరు రాలేదు. ‘రాసినవ్ గద, మల్ల రాయి’ అన్నారు బాపు. మరుసటి ఏడు ఇంకో సంస్థ పరీక్ష పెట్టింది. సెలవు అడుగుదామని నోరు తెరిచేలోపే సారు, “కాకున్నడు గదా, పో” అన్నారు. ఆ పరీక్షలో గణితమూ బాగా చేశాను, జనరల్ నాలెడ్జూ బాగా చేశాను. ఉద్యోగం వచ్చింది. ఊరు వదిలి వెళ్తున్న రోజు దుకాణంలో నన్ను ఆపినవారెవరూ లేరు. మిఠాయి తిన్నారు, దీవించారు, సారు పెన్ను బహుమతిగా ఇచ్చారు, పని ఒక్క నిమిషం కూడా ఆగలేదు. నేను లేకపోతే నడవదని ఒకప్పుడు అంత శ్రమపడి నమ్మించిన చోటు నుంచి, బస్సు కిటికీ పక్కన కూర్చుని, అంత తేలిగ్గా వెళ్లిపోగలిగాను.

ఆ తర్వాత ఎన్నో కార్యాలయాల్లో చార్జి అప్పగించాను. జాబితాలు రాసి, మూడేసి ప్రతులు తీసి, రెండు వైపులా సంతకాలు పెట్టించి. అప్పగించిన మర్నాడే ‘సార్, ఆ ఫైలు ఎక్కడుంది’ అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒక్క కాగితం ముక్క లేకుండా పనినీ, రహస్యాన్నీ, ఏసీనీ, మామిడి ముక్కలనూ ఏ లోటూ లేకుండా అప్పగించింది మాత్రం కాకకే. ఆ అప్పగింత గురించి నాకు ఇప్పటిదాకా ఒక్క ఫోన్ రాలేదు.